నర్సమ్మ జవాబులు: మా క్యాంపుకి జనం ఎందుకు తగ్గుతున్నారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా క్యాన్సర్ పరీక్షల గురించే ఉన్నాయి. షుగరు గురించి, మోకాళ్ల నొప్పుల గురించి రాసినవాళ్లు ఏమీ అనుకోకండి, వాటికి వచ్చే నెల జవాబు రాస్తాను. ఈ పేజీ కొత్తగా చదువుతున్నవాళ్లకి ఒక మాట. నేను డాక్టర్ని కాదు. ఉత్తర చెన్నైలో ముప్పై ఒక్క ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. వ్యాసర్‌పాడి, పులియాంతోపు, పెరంబూరు సందుల్లో ఇల్లిల్లూ తిరిగి నేర్చుకున్నదే ఇక్కడ చెబుతాను.

ప్రశ్న: నర్సమ్మ గారికి నమస్కారం. మా తెలుగు మహిళా సంఘం తరఫున మూడేళ్లుగా ఉచిత క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెడుతున్నాం. మొదటి ఏడు 64 మంది వచ్చారు. పోయినేడు 31 మంది. ఈసారి ఆటోలో మైకు కట్టి చెప్పించాం, తెలుగులో కరపత్రాలు వేయించి పంచాం, వాట్సాప్‌లో పెట్టాం, వచ్చినవాళ్లకి టిఫిను కూడా ఏర్పాటు చేశాం. తీరా వచ్చింది 11 మంది. డాక్టరమ్మ ముందు తల కొట్టేసినట్టయింది. మనవాళ్లకి ఆరోగ్యం మీద ఇంత అశ్రద్ధ ఏమిటండీ? వచ్చే ఏడు మానేద్దామని మావాళ్లు అంటున్నారు.
— సంఘం కార్యదర్శి, పెరంబూరు

జవాబు: మానేయకండమ్మా. ఖాళీ కుర్చీల ముందు కూర్చుని, పదింటి నుంచి ఒంటిగంట దాకా వీధి చివరికేసి చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ మనవాళ్లకి అశ్రద్ధ అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

ముందు లెక్క సరిచూసుకుందాం. 2016లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భసంచి ముఖం, ఈ మూడు పరీక్షలూ ఐదేళ్లకోసారి చేయాలి. మొదటి ఏడు మీ దగ్గరికి వచ్చి, అంతా బాగుందనిపించుకున్న ఆవిడ మరుసటి ఏడు రాలేదంటే రావలసిన పని లేదు కాబట్టి రాలేదు. అందుకని క్యాంపు రోజు వచ్చిన తలలు లెక్కపెట్టడం మానేసి, ఒక నోటుబుక్కు తీయండి. మీ సంఘం ఇళ్లలో 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు? వాళ్లలో గడిచిన ఐదేళ్లలో ఒక్కసారైనా పరీక్ష అయినవాళ్లు ఎంతమంది? మూడేళ్లలో వచ్చిన ఆ 106 మందీ వేరువేరు మనుషులైతే మీరు చేసింది పెద్ద పనే. ఈ ఏడు వచ్చిన 11 మందీ మొదటి ఏడు వచ్చినవాళ్లే అయితే మాత్రం కూర్చుని ఆలోచించాలి. ఎప్పుడూ ముందు వరసలో ఉండేవాళ్లే మళ్లీ మళ్లీ వస్తున్నారు, అసలు రావలసినవాళ్లు ఒక్కసారీ గడప దాటలేదని దానర్థం.

ఇంగ్లండులో సరిగ్గా ఇదే జరిగింది. గర్భసంచి ముఖం నుంచి కాస్త కణాలు తీసి గాజుపలక మీద చూసే పాప్ స్మియర్ పరీక్ష అక్కడ 1960ల నుంచే ఉంది. వచ్చినవాళ్లకి చేసేవాళ్లు, రానివాళ్ల సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఇరవై ఏళ్లు గడిచినా గర్భసంచి ముఖం క్యాన్సర్ చావులు పెద్దగా తగ్గలేదు. 1988లో పద్ధతి మార్చారు. డాక్టర్ల దగ్గరున్న పేర్ల జాబితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, పరీక్ష గడువు వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆమె పేరు మీద, ఆమె ఇంటికి ఉత్తరం పంపడం మొదలుపెట్టారు. రాకపోతే ఇంకో ఉత్తరం. ఆ ఏడు నూటికి 42 మందికి పరీక్ష అయి ఉంటే, 1994 కల్లా అది 85కి చేరింది. పరీక్ష అదే, మనుషులూ వాళ్లే. పిలిచిన తీరు మారింది.

మనకి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. వరలక్ష్మీ వ్రతానికి మీరు మైకులో పిలుస్తారా అమ్మా? కుంకుమభరిణె పట్టుకుని గుమ్మంలోకి వెళ్లి, బొట్టు పెట్టి, "సాయంత్రం తప్పకుండా రావాలి వదినా" అంటారు. పేరు పెట్టి పిలిస్తే జ్వరంతో ఉన్నావిడ కూడా వచ్చి తాంబూలం తీసుకుని వెళుతుంది. మైకులో చెప్పింది మాత్రం ఎవరికో చెప్పినట్టే ఉంటుంది. నాలుగో ఇంటావిడకి అనుకుంటుంది మూడో ఇంటావిడ.

కరపత్రాల సంగతి కూడా చెప్పాలి. మీరు ప్రేమగా తెలుగులో వేయించారు. కానీ చెన్నైలో పుట్టి పెరిగిన మన ఆడవాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బళ్లో తమిళం చదువుకున్నవాళ్లు ఎంతమంది లేరు? వాళ్లకి తెలుగు అక్షరం రాదు. నెల్లూరు నుంచి, ఒంగోలు నుంచి పనికోసం వచ్చినవాళ్లకి తమిళం చదవడం రాదు. ఇద్దరికీ వచ్చింది నోటిమాటే. ఆ కరపత్రంలో మరమరాలు కట్టుకుని తిన్నారంటే తప్పు వాళ్లది కాదు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అడగాలి. మొదటి ఏడు వచ్చిన 64 మందికి రిజల్టు ఎవరు చెప్పారు?

ఎందుకు అడుగుతున్నానంటే, 1990ల చివర్లో నేను ఒక క్యాంపులో పనిచేశాను. ఎవరు పెట్టారన్నది ఇక్కడ వద్దు. స్కూల్లో ఒకటో తరగతి గది. గోడ మీద బలపంతో రాసిన ఎక్కాలు. రెండు బెంచీలు కలిపి పైన దుప్పటి పరిచాం, కిటికీకి పాత చీర అడ్డం కట్టాం. లోపల పెట్టే పరికరం చల్లగా తగిలితే ఒళ్లు బిగుసుకుంటుందని, దాన్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచేదాన్ని. పూలమ్ముకునే ఒకావిడ వచ్చింది, నలభై ఏళ్లుంటాయి, మన తెలుగు మనిషే. పడుకున్నంతసేపూ డబ్బుల సంచిని రెండు చేతులతో గుండెలకి అదుముకునే ఉంది. అయిపోయాక "ఇంతేనా సిస్టర్? దీనికా మూడు రాత్రులు నిద్రపోలేదు" అని నవ్వింది. ఆవిడ స్మియర్ తీసిన గాజుపలక మీద పెన్సిలుతో నంబరు వేసింది నేనే.

రిజిస్టరు కూడా నేనే రాశాను. పేరు, భర్త పేరు, డోరు నంబరు, వయసు, ఎన్ని కాన్పులు. చివరి గడి రిజల్టు. పలకలు పంపారు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. నేను అడిగినప్పుడల్లా వస్తాయి వస్తాయి అన్నారు. నాలుగో నెలలో వచ్చాయి, అదీ సగమే. అప్పటికే చాలామంది ఇళ్లు మారిపోయారు. ఆ రిజిస్టరులో చివరి గడి పేజీల తరబడి తెల్లగా ఉండిపోయింది. మరుసటి ఏడు మళ్లీ అదే వీధికి వెళ్లాను. పూలావిడ గుమ్మంలోనే ఉంది, మల్లెమొగ్గలు మాల కడుతోంది. కూర్చోమంది, గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. "పోయినేడు తీసుకెళ్లినదానికే జవాబు చెప్పలేదు. మళ్లీ ఏం తీసుకెళతావు సిస్టర్?" అంది. కోపంగా అనలేదు. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది. ఆ వీధి నుంచి ఆ ఏడు ఒక్కరూ రాలేదు. వాళ్లని అశ్రద్ధ మనుషులంటే నాకు కళ్లు పోతాయి.

అప్పటి నుంచి నాకో అలవాటు అయింది. రిజల్టు బాగుందని వచ్చినా సరే, ఆ ఇంటికి వెళ్లి చెప్పేదాన్ని. బాగాలేనివాళ్లకి ఎలాగూ కబురు పెడతారు. బాగున్నవాళ్లని వదిలేస్తారు. వాళ్లేమో "వాళ్లు చెప్పలేదు, ఏమైందో ఏమో" అని భయంతో ఉంటారు, లేదా "ఊరికే చేశారు" అనుకుంటారు. "నీకేమీ లేదమ్మా, మళ్లీ ఐదేళ్ల తర్వాతే" అని గుమ్మంలో నిలబడి చెప్పండి. పక్కింటావిడ వింటుంది. ఆ పక్కింటావిడే మీ తర్వాతి క్యాంపు.

ఇదంతా చేస్తే ప్రాణాలు నిలుస్తాయా అని మీ సభ్యులు అడగొచ్చు. మన తమిళనాడులోనే దిండిగల్ జిల్లాలో చూశారు. 2000లో మొదలుపెట్టి, 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు 49,311 మందిని పరీక్షకి పిలిస్తే 31,343 మంది వచ్చారు. అంటే నూటికి 63 మందికి పైనే. చేసింది నాలాంటి నర్సులే. గర్భసంచి ముఖానికి పలచటి వెనిగర్ అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చ కనిపిస్తుందేమో చూడటం. వీఐఏ అంటారు, మీ క్యాంపులో చేసేదీ అదే అయి ఉంటుంది. ఆ ఒక్క పరీక్షతో, పరీక్షకి పిలవని ఊళ్లతో పోలిస్తే, ఏడేళ్లలో గర్భసంచి ముఖం క్యాన్సర్ చావులు 35 శాతం తగ్గాయని 2007లో లెక్క తేల్చారు. ముంబై బస్తీల్లో పదో తరగతి చదివిన ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చి ఇదే పరీక్ష రెండేళ్లకోసారి చేయిస్తే 31 శాతం తగ్గాయి. వెనిగర్, దూది, మంచి లైటు, ఒక నర్సు. ఇంకేం ఖరీదైన సామాను లేదు.

ఒకసారి జనం వచ్చారని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 85 దాకా వెళ్లిన ఇంగ్లండు ఇప్పుడు 70 శాతానికి కిందికి దిగింది. 2009లో జేడ్ గూడీ అనే టీవీ తార 27 ఏళ్లకే ఈ జబ్బుతో చనిపోయింది. ఆవిడ జబ్బు వార్తలు వస్తున్న ఆ ఏడాదిలో మామూలు కంటే సుమారు 4 లక్షల మంది ఎక్కువగా పరీక్షకి వచ్చారు. తర్వాత మళ్లీ తగ్గిపోయారు. భయం పిలుచుకొచ్చిన జనం భయంతోపాటే వెళ్లిపోతారు. అందుకే మీ క్యాంపులో కుళ్లిపోయిన పుండ్ల బొమ్మలు గోడలకి అంటించవద్దని బతిమాలుతున్నాను.

ఇక వచ్చే ఏటికి. ఒక్క రోజు కాకుండా రెండు వారాల తేడాతో రెండు రోజులు పెట్టండి. బయటున్నవాళ్లు, అంటే నెలసరిలో ఉన్నవాళ్లు, పరీక్షకి రాలేరు, ఆ మాట పైకి చెప్పలేక రాలేదంటే మనం అశ్రద్ధ అనుకుంటాం. మంగళవారం, శుక్రవారం వద్దు. నీళ్ల లారీ వచ్చే వేళ అసలే వద్దు. ఇళ్లలో పనికి వెళ్లేవాళ్ల కోసం సాయంత్రం నాలుగు తర్వాత కూడా గంటన్నర తెరిచి ఉంచండి. ముందుగా అత్తగారికి చెప్పండి, ఆవిడ "వెళ్లిరా" అంటే కోడలు వస్తుంది. పరీక్ష చేసేది ఆడమనిషేనని గుమ్మంలోనే చెప్పండి. గదికి గడియ ఉందో లేదో ముందు రోజే వెళ్లి చూసుకోండి. చెప్పకూడదు గానీ, ఆ ఒక్క గడియ లేక లేచి వెళ్లిపోయిన ఆడవాళ్లని నేను చాలామందిని చూశాను.

ప్రశ్న: సిస్టర్ గారూ, నేను నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూశాను. 2015-16లో గర్భాశయ ముఖం పరీక్ష చేయించుకున్న ఆడవాళ్లు 22.3 శాతం అని ఉంది. 2019-21లో 1.9 శాతమే. నాలుగైదేళ్లలో ఇంత పడిపోయిందా? నాకు భయమేసింది.
— విద్యార్థిని, పోరూరు

జవాబు: పడిపోలేదు తల్లీ. అడిగిన ప్రశ్న మారింది. మొదటిసారి "గర్భాశయ ముఖాన్ని ఎప్పుడైనా పరీక్ష చేశారా" అన్నట్టు అడిగారు. కాన్పుకి వెళ్లినప్పుడు చూసింది, తెల్లబట్టకి చూసింది, కాపర్‌టీ వేసినప్పుడు చూసింది, అన్నీ అందులో కలిసిపోతాయి. రెండోసారి క్యాన్సర్ ఉందేమోనని చేసే స్క్రీనింగ్ పరీక్ష అయిందా అని విడిగా అడిగారు. 30 నుంచి 49 ఏళ్లవాళ్లలో అవునన్నది నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ముకైతే 0.9 శాతం. కాబట్టి ఆ రెండు అంకెల మధ్య గీత గీసి కింద పడిందని రాయకు. రెండో అంకెనే మన అసలు మొదలు అనుకో.

అదే సర్వేలో తమిళనాడు అంకె 9.8. దేశం సగటుకి ఐదు రెట్లు. అది గాలికి రాలేదు. 2007లో తేని, తంజావూరు జిల్లాల్లో ప్రభుత్వం ఈ పరీక్షలు మొదలుపెట్టి చూసి, తర్వాత రాష్ట్రమంతటికీ తెచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నర్సులకి నేర్పించారు. ఆ సర్వే తర్వాత, 2021 ఆగస్టు నుంచి ఇళ్ల దగ్గరికే వెళ్లి బీపీ, షుగరు చూసే "మక్కళై తేడి మరుత్తువం" వచ్చింది. అంటే జనాన్ని వెతుక్కుంటూ వైద్యం. ఇంత చేసినా ఆ సర్వే నాటికి నూటికి పది మంది దగ్గరే ఉన్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన గురి నూటికి 70 మంది, అదీ 35 ఏళ్ల లోపు ఒకసారి, 45 లోపు ఇంకోసారి. నీ ప్రాజెక్టులో ఈ దూరం గురించి రాయి. వీలైతే మీ కాలేజీ దగ్గరున్న ఆరోగ్య కేంద్రంలో ఒక రోజు కూర్చుని, పరీక్షకి రాసిచ్చినవాళ్లలో ఎంతమంది నిజంగా చేయించుకున్నారో రిజిస్టరులో చూసి రాయి. ఏ సర్వే చెప్పని సంగతులు అక్కడ ఉంటాయి.

ప్రశ్న: అమ్మా, మాది శ్రీకాకుళం జిల్లా. పదిహేనేళ్లుగా వేళచ్చేరిలో ఉంటున్నాం. మా అమ్మకి 58 ఏళ్లు. ఆరేళ్ల కిందట ఒకసారి పరీక్షలు చేయిస్తే ఏమీ లేదన్నారు. ఇప్పుడు మళ్లీ రమ్మంటే "అప్పుడే లేదన్నారుగా, నాకు నొప్పా తీపా, ఆ ఆసుపత్రికి వెళ్లినవాళ్లు తిరిగి రారు" అంటుంది. ఊళ్లో ఉన్నప్పుడు అడ్డపొగ తాగేది. మానేసి పదేళ్లయింది. ఎలా ఒప్పించను?
— ఒక కొడుకు

జవాబు: బాబూ, మొదట నోరు. నిప్పు కొస నోట్లోపెట్టి చుట్ట తాగే ఈ అడ్డపొగ అలవాటు మీ వైపు ఆడవాళ్లలో ఎంత ఉందో నాకు తెలుసు. ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది అంగిలికి. మామూలుగా పొగాకు నమిలేవాళ్లకి బుగ్గ లోపల పుండు వస్తే, అడ్డపొగవాళ్లకి అంగిలి మీద మచ్చలు, పుండ్లు లేస్తాయి. మానేసి పదేళ్లయింది, చాలా మంచి పని చేశారు, కానీ చూపించడం మానకూడదు. టార్చి, చేతికి గ్లౌజు, రెండు నిమిషాల పని. చూసేవాళ్లకి "మా అమ్మ అడ్డపొగ తాగేది, పైన అంగిలి చూడండి" అని నువ్వే చెప్పు. చెన్నైలో చాలామందికి ఆ అలవాటు పేరే తెలియదు.

గర్భసంచి ముఖానికి ఈ వయసులో వెనిగర్ పరీక్ష అంత పనికిరాదు. ముట్లుడిగాక మచ్చ వచ్చే చోటు లోపలికి వెళ్లిపోతుంది, కంటికి అందదు. పాప్ స్మియర్ గానీ, ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ పరీక్ష గానీ అడగండి. రొమ్ము తప్పకుండా చూపించండి. మన చెన్నైలో 1982 నుంచి క్యాన్సర్ కేసుల రిజిస్ట్రీ నడుస్తోంది. ఆ రోజుల్లో ఆడవాళ్లలో మొదటి స్థానం గర్భసంచి ముఖానిది. పెళ్లి వయసు పెరిగి, కాన్పులు తగ్గి అది తగ్గుతూ వచ్చింది, రొమ్ము క్యాన్సర్ పెరిగి పైకి వచ్చింది. ఇంకొకటి. ముట్లుడిగినావిడకి ఒక్క చుక్క రక్తం కనిపించినా క్యాంపు కోసం ఎదురుచూడకూడదు, ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ సంగతి కొడుకుతో చెప్పడానికి ఆవిడకి సిగ్గుగా ఉంటుంది, కాబట్టి ఇంట్లో ఆడవాళ్ల చేత అడిగించు.

"వెళ్లినవాళ్లు తిరిగి రారు" అన్న భయం పాతది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు చెల్లెల్ని క్యాన్సర్‌తో పోగొట్టుకుని, పట్టుబట్టి అడయార్‌లో 1954లో ఆసుపత్రి తెరిచేనాటికి దానిలో 12 మంచాలు. ఈ జబ్బుకి ఆసుపత్రి దేనికి అనుకునే కాలం అది. అప్పట్లో చాలామంది ముదిరిపోయాకే వచ్చేవాళ్లు, అందుకే తిరిగి రాలేదు. మీ అమ్మ చూసిందీ అలాంటివాళ్లనే అయి ఉంటుంది. తిరిగి వచ్చినవాళ్లని చూపించు. మన తెలుగమ్మాయి, నటి గౌతమి రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడి, ఇదే ఊళ్లో ఉండి, పది మందికీ ఆ సంగతి బాహాటంగా చెబుతున్నారు. అంతకంటే మీ వీధిలోనే చికిత్స అయి హాయిగా తిరుగుతున్న ఆవిడ ఒకరు ఉండే ఉంటారు, ఆవిడని ఒక పూట టీకి పిలువు. తల్లులు కొడుకుల మాట కంటే తమ ఈడు ఆడవాళ్ల మాట వింటారు. ఇంకా ఒప్పుకోకపోతే, "ఏమైనా తేలితే నీకు ఖర్చవుతుందిరా" అన్న భయం ఉందేమో నెమ్మదిగా కదిపి చూడు. నేను చూసిన తల్లుల్లో సగం మంది మనసులో అదే ఉండేది.

ప్రశ్న: పదేళ్ల కిందట సూళ్లూరుపేటలో ఆపరేషన్ చేసి నా గర్భసంచి తీసేశారు. ఇప్పుడు మాధవరంలో ఆరోగ్య కార్యకర్త వచ్చి పరీక్షకి రమ్మంటోంది. నాకు అవసరమా?
— ఒక గృహిణి

జవాబు: మీ డిశ్చార్జి కాగితం వెతకండి. గర్భసంచితో పాటు దాని ముఖం కూడా తీసేసి ఉండి, తీసింది క్యాన్సర్ వల్ల గానీ దాని ముందు మార్పుల వల్ల గానీ కాకపోతే, ఆ ఒక్క పరీక్ష మీకు అక్కర్లేదు. ముఖం ఉంచేసి ఉంటే కావాలి. కాగితం లేకపోతే డాక్టరమ్మ ఒకసారి లోపల చూసి చెప్పేస్తుంది. రొమ్ము, నోరు మాత్రం మీకూ చూడాలి. ఆపరేషన్ అయిందని మొత్తం పరీక్షలకే సెలవు పెట్టేసిన మనవాళ్లు ఎందరో! ఆ కార్యకర్తని ఉత్త చేతులతో పంపకండి, వెళ్లి ఆ రెండూ చేయించుకోండి.

ప్రశ్న: ఒక ల్యాబు వాళ్లు రక్త పరీక్షతో అన్ని క్యాన్సర్లూ ముందే చెప్పేస్తామంటూ ప్యాకేజీ అమ్ముతున్నారు. ఇంటిల్లిపాదికీ చేయించమంటారా?
— ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: వద్దండి. ఏ లక్షణమూ లేనివాళ్లకి ఊరికే ట్యూమర్ మార్కర్లు, అంటే క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరగవచ్చనే పదార్థాలు, చూస్తే లేనిపోని టెన్షన్ మిగులుతుంది. అండాశయం క్యాన్సర్ కోసం ఏటా రక్తంలో సీఏ-125 అనే మార్కర్ చూస్తే ప్రాణాలు నిలుస్తాయేమోనని బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా ఆడవాళ్ల మీద ఏళ్ల తరబడి పరీక్షించారు. చావులు తగ్గలేదు. దక్షిణ కొరియాలో థైరాయిడ్‌కి స్కానింగులు విచ్చలవిడిగా చేస్తే 1993 నుంచి 2011కి కేసులు 15 రెట్లయ్యాయి, చావులు మాత్రం అక్కడే ఉన్నాయి. అంటే ఏమీ చేయని గడ్డలకి వేలమంది గొంతు కోయించుకున్నారు. ఇంట్లో 30 దాటినవాళ్లని దగ్గరున్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. నోరు, రొమ్ము, గర్భసంచి ముఖం అక్కడ ఉచితంగా చూస్తారు.

ప్రశ్న: అక్కా, నాకు 36 ఏళ్లు. పది రోజుల కిందట క్యాంపులో వెనిగర్ పరీక్ష చేసి "పాజిటివ్, పెద్దాసుపత్రికి వెళ్లు" అని చీటీ ఇచ్చారు. ఆ చీటీ బియ్యం డబ్బాలో దాచాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇద్దరు చిన్నపిల్లలు. మా ఆయన "ఇది నీకెలా వచ్చింది" అని అడుగుతాడేమోనని వణుకుగా ఉంది. నిద్ర లేదు.
— పేరు వద్దు

జవాబు: అమ్మా, ముందు ఒక గ్లాసు మంచినీళ్లు తాగి ఇది చదువు. పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు. వెనిగర్ అద్దినప్పుడు ఒకచోట తెల్లగా కనిపించిందని మాత్రమే. ఇన్ఫెక్షన్ ఉన్నా, వాపు ఉన్నా అలా కనిపిస్తుంది. అలా పంపినవాళ్లలో చాలామందికి ఏమీ ఉండదు. కొందరికి క్యాన్సర్‌కి ముందు వచ్చే మార్పు ఉంటుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది, చాలాసార్లు పదేళ్ల పైమాటే. ఆ దశలో పట్టుకుంటే చల్లదనంతోనో వేడితోనో ఆ కాస్త చోటునీ మాడ్చేస్తారు, చాలామంది ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి వంట చేసుకుంటారు. గర్భసంచి తీయనక్కర్లేదు.

పెద్దాసుపత్రిలో చేసేది కాల్పోస్కోపీ. భూతద్దం లాంటి దానితో ఆ చోటుని పెద్దగా చూస్తారు. అనుమానం ఉంటే బియ్యపు గింజంత ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఎగ్మూరు ప్రసూతి ఆసుపత్రికైనా వెళ్లు, అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కైనా వెళ్లు. నెలసరి అయ్యాక వెళితే చూడటం సులువు. పది రోజులు గడిచినందుకు ఏమీ మించిపోలేదు, కానీ పది నెలలు గడవనివ్వకు. క్యాంపుల్లో పాజిటివ్ అని తేలి, తర్వాత మెట్టు ఎక్కనివాళ్ల కోసమే నా గుండె ఎక్కువ కొట్టుకునేది.

మీ ఆయన సంగతి. ఈ మార్పులకి కారణం ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్. కాపురం చేసే ఆడా మగా దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు అది సోకుతుంది, చాలామందికి తెలియకుండానే పోతుంది, కొందరిలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో డాక్టరే చెప్పలేడు. దానికీ నడతకీ ముడి పెట్టడానికి లేదు. ఆయన అడిగితే ఈ పేజీ చేతికిచ్చి చదవమను.

ఒక్కదానివే వెళ్లకు. అక్కనో, పక్కింటావిడనో తోడు తీసుకెళ్లు. బియ్యం డబ్బాలోంచి ఆ చీటీ తీసి, మడత విప్పి, ఆధార్ కార్డుతో కలిపి సంచిలో పెట్టుకో. వెళ్లొచ్చాక ఏమన్నారో నాకు ఒక కార్డు ముక్క రాయి. పేరు రాయనక్కర్లేదు, బియ్యం డబ్బా అని రాయి, నాకు తెలుస్తుంది.